పికప్పు బండిలో బరువు వేయు విధము



పూర్వము కళ్లములోని ధాన్యము ఇంటికి, ఇంటినుండి సంతకు ఎడ్లబండి మీదనే పోవుచుండెను. ఇప్పుడా పని చాలవరకు పికప్పు బండ్లు చేయుచున్నవి. 2005వ సంవత్సరములో టాటా ఏస్ బండి వచ్చిన పిమ్మట (మన పల్లెలలో దీనిని టాటా ఏసీ అనియే పిలుతురు) లారీ దూరని సందులలోనికి, పుంతదారులలోనికి గూడ చక్రముల మీద సరుకు పోవుట సులభమైనది. బొలేరో మొదలగు పెద్ద పికప్పులును గలవు. ఎరువులు, విత్తనములు, మిరప బస్తాలు, బోరు గొట్టములు, ఇసుక, గేదెలు, తుదకు పెండ్లివారు సయితము వానిలోనే పోవుచున్నారు. అయితే ఈ బండికి ఎంత బరువు వేయవచ్చును, దాని నెక్కడ వేయవలెను, ఎట్లు కట్టవలెను అను మూడు సంగతులు బండి కొన్నవానికిగాని, బాడుగకు పిలిచినవానికిగాని చెప్పువారు అరుదు. అందుచేత ఈ నెల ఈ విషయమును వ్రాయుచున్నాను.

ఎడ్లబండికి బరువు వేయుటలో మన రైతునకు ఎవరును నేర్పవలసినది లేదు. ఎడ్లు నోరులేని జీవములైనను బరువు మించినపుడు ఏదో యొక విధముగా చెప్పును. మెడ వంచును, ముందుకాళ్ల మోకాళ్లూనును, కదలక నిలుచును. పికప్పు బండి అట్లు చెప్పదు. యంత్రమునకు బలమున్నది గనుక తగినదానికి రెండింతలు వేసినను కదలును. కదలినది గదా యని మనము తృప్తి పడుదుము. కదలించుట మాత్రమే యంత్రము పని. మోయుట ఇరుసు పని, నేలను పట్టుట టైర్ల పని, ఆపుట బ్రేకుల పని. ఈ మూడింటి బలమును బట్టియే బండి చేసినవారు బరువును నిర్ణయించిరి. యంత్రము లాగినంత మాత్రమున తక్కినవి ఒప్పుకొనినట్లు కాదు.

బరువెంత?

బండి రిజిస్ట్రేషను పత్రములో రెండు అంకెలుండును. ఒకటి ఖాళీ బండి బరువు. రెండవది సరుకుతోను మనుష్యులతోను కలిసి బండి ఉండదగిన మొత్తము బరువు. రెండవదానినుండి మొదటిది తీసివేయగా వచ్చినదంతయు సరుకే యనుకొనుట పొరపాటు. ఖాళీ బండి బరువులో డ్రైవరు, అతని సహాయకుడు చేరరని మోటారు వాహనముల చట్టములోని నిర్వచనమే చెప్పుచున్నది. బండి కొన్న తరువాత మనము బిగించుకొన్న ఇనుప చట్రము, పైకెత్తించిన పక్క పలకలు, టార్పాలిను పట్టా, మోకులు, ఇవియు తూగునవే.

ఉదాహరణకు ఒక బండి పత్రములో మొత్తము బరువు 2,900 కిలోలు, ఖాళీ బరువు 1,600 కిలోలు అని యున్నదనుకొందము. భేదము 1,300 కిలోలు. ఇందులో ఇద్దరు మనుష్యులకు 150, ఇనుప చట్రమునకు 80, పట్టాకును మోకులకును 20 తీసివేసితిమేని మిగిలినది 1,050 కిలోలు. 75 కిలోల ధాన్యపు బస్తాలు 14 మాత్రమే వచ్చును. కళ్లము వద్ద నిలిచి చూచినచో 14 బస్తాలు వేసిన బండి సగము ఖాళీగానే కనబడును. "ఇంకను పది పట్టునండీ" అని హమాలీ అనును. పట్టుట వేరు, మోయుట వేరు.

కంటితో బరువు నంచనా వేయుటలో మన కెక్కువ మోసము జరుగునది సరుకు మారినపుడు. 8 అడుగుల పొడవు, 5½ అడుగుల వెడల్పు గల తొట్టిని తీసికొనుడు. దానిలో ఒక అడుగు ఎత్తున నింపిన 44 ఘనపుటడుగులగును. విడి ధాన్యమైనచో ఘనపుటడుగు సుమారు 16 కిలోలు తూగును గనుక మొత్తము 700 కిలోలు. నీరైనచో ఘనపుటడుగు 28 కిలోలు, మొత్తము 1,230 కిలోలకు పైగా. పొడి ఇసుకయైనచో ఘనపుటడుగు 45 కిలోల వరకు, మొత్తము రెండు టన్నులకు దగ్గర. ఏటినుండి అప్పుడే తీసిన తడి ఇసుక అంతకంటెను ఎక్కువ. ఒకే ఎత్తున ధాన్యము పోసినపుడు తేలికగా నడచిన బండి, అదే ఎత్తున ఇసుక పోసినపుడు మూడింతల బరువు మోయుచున్నది. టన్నున్నర దాటి మోయగల పెద్ద పికప్పునకును ఇది ఎక్కువయే. బొలేరో పికప్పులలో 1.3, 1.7 అను పేర్లతో వచ్చిన రకములు గలవు. ఆ అంకెలు టన్నులను సూచించునవే గాని అలంకారమునకు వేసినవి కావు.

టాటా ఏస్ బండ్లలో అనేకములకు ముప్పాతిక టన్ను, అనగా 750 కిలోలు, పరిమితి. వేసవిలో దానిమీద వేయి లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టి తోటలకు తోలుట పలుచోట్ల చూచుచున్నాము. వేయి లీటర్ల నీరు వేయి కిలోలు. ట్యాంకు బరువు వేరు. దానిని సగము నింపిన దోషము తీరునా యన్నచో బరువు దోషము తీరును గాని మరియొకటి వచ్చును. సగము నీరు మలుపులో ప్రక్కకును, బ్రేకు వేయగానే ముందుకును తొణకును. నీరు తోలవలసియున్నచో 500 లీటర్ల ట్యాంకును నిండుగా నింపి తోలుట మేలు.

ఎరువుల విషయములో లెక్క సులభము. యూరియా బస్తా 2018 నుండి 50 కిలోలు గాక 45 కిలోలు. డి.ఎ.పి. బస్తా 50 కిలోలే. సిమెంటును 50 కిలోలే. కాని ధాన్యపు బస్తా ఊరిని బట్టి, గోనెను బట్టి, కొనుగోలు కేంద్రమును బట్టి 40 కిలోలు మొదలు 75 కిలోల వరకు మారును. కావున "ఎన్ని బస్తాలు" అని గాక "ఎన్ని కిలోలు" అని డ్రైవరుతో మాటలాడుట అలవరచుకొనవలెను.

బరువెక్కడ?

ఎడ్లబండిలో వెనుక బరువెక్కువైనచో కాడి పైకి లేచి పలుపులు ఎడ్ల గొంతులు బిగించును. ముందు బరువెక్కువైనచో మెడలు నలుగును. ఈ న్యాయమే పికప్పునకును చెల్లును. ఇరుసు వెనుకకు పడిన బరువు ముందు చక్రములను పైకెత్తును. బండిని త్రిప్పునవి ముందు చక్రములే. బ్రేకు వేసినపుడు ఎక్కువగా ఆపునవియు అవియే. అవి నేలను సరిగా నానకున్నచో స్టీరింగు చేతిలో తేలికగా ఆడును. "బండి మెత్తగా పోవుచున్నది" అని డ్రైవరు సంతోషించుట గలదు. అది సంతోషింపదగిన సంగతి కాదు.

లెక్క చూతము. ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును 10 అడుగుల దూరమనుకొందము. 1,200 కిలోల సరుకు యొక్క నడిమి భాగము వెనుక ఇరుసునకు ఒక అడుగు ముందున్నచో ముందు చక్రములమీద 120 కిలోలు, వెనుక చక్రములమీద 1,080 కిలోలు పడును. అదే సరుకు రెండడుగులు వెనుకకు జరిగి, నడిమి భాగము ఇరుసునకు ఒక అడుగు వెనుక పడినచో ముందు చక్రముల మీదినుండి 120 కిలోలు తగ్గును, వెనుక ఇరుసు మీద 1,320 కిలోలు పడును. ఒక్క బస్తాయును పెంచలేదు. జరిపిన దూరము రెండడుగులే. ఇరుసు మోయు భారము 240 కిలోలు పెరిగినది.

దించుట సులభమగునని బస్తాలను వెనుక తలుపు వద్దనే కుప్పవేయు అలవాటు గలదు. బండికి నిండు బరువు లేనపుడు ఈ తప్పు మరింత జరుగును. ఏలయన, ఇష్టము వచ్చినచోట వేయుటకు స్థలముండును. మొదటి వరుసను డ్రైవరు గది వెనుకనున్న ఇనుప చట్రమున కానించి మొదలుపెట్టి వెనుకకు రావలెను. బరువైనవి క్రింద, తేలికయైనవి పైన. బస్తాలను గోడకు ఇటుకలు పేర్చినట్లు అతుకుమీద అతుకు రాకుండ పేర్చవలెను. ఒక ప్రక్క మోటారు, రెండవ ప్రక్క కూరగాయల బుట్టలు పెట్టి అటు ఇటు సరిపోయినదనుకొనరాదు. అటువంటి ఒంటి బరువును నడుమ పెట్టి ఇరువైపుల కట్టవలెను.

కాటా దగ్గరకు పోయినవారు ఈ సంగతిని తామే చూచుకొనవచ్చును. ముందు చక్రములను మాత్రము కాటా మీద నిలిపి ఒకసారి, బండినంతయు నిలిపి ఒకసారి తూచుడు. రెండింటి భేదమే వెనుక ఇరుసు మోయుచున్న బరువు. ఖాళీ బండిని ఇట్లే తూచి వ్రాసికొని పోల్చినచో సరుకు ఎక్కడ కూర్చున్నదో తెలియును. సరుకు వేసిన తరువాత ముందు చక్రముల తూకము ఖాళీనాటి కంటె తగ్గినదేని, బస్తాలను ముందుకు జరుపక కదలరాదు.

బోరు గొట్టములను గూర్చి ఒక మాట. ఇనుప గొట్టము 20 అడుగులు, తొట్టి 8 అడుగులు. వెనుక తలుపు దించి పరచినచో 12 అడుగులు బయటనే వ్రేలాడును. గొట్టముల నడిమి భాగము 10వ అడుగు వద్ద నుండును గనుక అది తొట్టిని దాటి ఇరుసునకు చాల వెనుక పడును. పైగా చీకటిలో వెనుక వచ్చు మోటారు సైకిలువానికి ఆ గొట్టముల మొనలు కనబడవు. ఎఱ్ఱగుడ్డ కట్టితిమి అందురు. రాత్రి గుడ్డ ఏమి కనబడును? ఈ సరుకును పికప్పులో తేకుండుటయే మంచిది. పొడవైన లారీగాని ట్రెయిలరుగాని వచ్చువరకు ఆగినందున బోరు ఎండిపోదు.

కట్టుట

బండి ఆగినను సరుకు ఆగదు. గట్టిగా బ్రేకు వేసినపుడు సరుకు తన బరువులో పదింట ఎనిమిది వంతుల బలముతో ముందునకు త్రోయుననియు, మలుపులలో సగము బరువు బలముతో ప్రక్కకు త్రోయుననియు ఎంచి కట్టవలెనని ఆస్ట్రేలియా దేశపు సరుకు కట్టు మార్గదర్శిని చెప్పుచున్నది. అనగా వేయి కిలోల సరుకు 800 కిలోల బలముతో డ్రైవరు వీపు మీదికి వచ్చును. కావుననే మొదటి వరుస ముందు చట్రమున కానియుండవలెనంటిని. నాలుగడుగుల ఖాళీ విడిచి పేర్చిన బస్తాలు ఆ నాలుగడుగులు జారి వేగము పుంజుకొని తగులును. ఆనియున్నవి త్రోయును గాని కొట్టవు.

పైనుండి వేసిన మోకు సరుకును క్రిందికి నొక్కి జారకుండ పట్టును. అది నిట్టనిలువుగా దిగినచో బిగువంతయు నొక్కుటకు వినియోగపడును. ఏటవాలుగా, తొట్టితో 30 డిగ్రీల కోణములో దిగినచో సగమే నొక్కును. కావున పొట్టి సరుకుమీద పొడవుగా లాగి కట్టిన మోకు చూపులకు బిగువుగా నున్నను పట్టు తక్కువ. నైలాను తాడు సాగును. ముడి వేసినచోట ఏ తాడైనను తన బలములో సుమారు సగము వరకు కోలుపోవచ్చును. ఇనుప అంచులమీద ఒరయుచోట గోనె మడత పెట్టవలెను. ఇనుపవస్తువును ఇనుప తొట్టిలో ఊరక పెట్టినచో జారుట మిక్కిలి సులభము. క్రింద పాత రబ్బరు చాప వేసిన చాల నిలుచును. బయలుదేరిన నాలుగైదు కిలోమీటర్లకు ఒకసారి బండి నాపి మోకు చూడవలెను. బస్తాలు అదరి సర్దుకొని, బిగించిన మోకు అప్పటికే వదులై యుండును.

ప్రత్తి, వరిగడ్డి వంటి తేలిక సరుకులకు బరువు భయము లేదుగాని ఎత్తు భయము గలదు. కాలువగట్ల మీద బండి ఒరిగినపుడు ఎత్తైన మోపు దాని నింకను ఒరగద్రోయును. మలుపులో ప్రక్కకు త్రోయు బలము వేగమునకు రెండింతలు గాక నాలుగింతలుగా పెరుగును. 20 కిలోమీటర్ల వేగమున తిరిగిన మలుపునే 40 మీద తిరిగినచో త్రోపుడు నాలుగు రెట్లు. గడ్డి మోపులకు మరియొక శత్రువు కరెంటు తీగ. పొలముల మధ్య తీగలు వ్రేలాడుచోట దిగి చూచి గాని బండి పోనీయరాదు. మోపుపై మనిషిని కూర్చుండబెట్టి తీగను కఱ్ఱతో ఎత్తించుట కొన్ని యూళ్లలో నున్నది. అది ప్రాణముతో చెలగాటము.

పశువులను గూర్చి చెప్పవలసినది కొంచెమే. అవి తమంతట కదలు బరువు. తల కట్టు పొట్టిగా నుండవలెను, తొట్టిలో కాలుజారకుండ గడ్డిగాని ఇసుకగాని పరవవలెను, మలుపులలో మిక్కిలి మెల్లగా పోవలెను.

టైర్లు, కమానులు, బ్రేకులు

టైరు ప్రక్కను వ్రాసిన గుర్తులలో దాని మోతశక్తిని తెలుపు అంకె యొకటుండును. 100 అని యున్నచో ఆ టైరు 800 కిలోలను, 110 అని యున్నచో 1,060 కిలోలను మోయగలదని అర్థము. అదియు సరియైన గాలి యున్నపుడే. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టునకును ఎక్కువగా నలిగి లోపల కాగును. మన యెండలలో, మధ్యాహ్నపు తారురోడ్డు మీద, మించిన బరువుతో అది పగులుట వింత గాదు. గాలిని ప్రొద్దుట టైరు చల్లగా నుండగా, సరుకు వేయకముందు చూడవలెను. ఎంత యుండవలెనో బండి తలుపు వద్ద పలకమీదగాని, బండితో నిచ్చిన పుస్తకములోగాని యుండును. బరువుతో నడచునప్పటికి వేరు అంకె యుండుట గమనింపుడు.

కమాను కట్టలకు అదనముగా రెండు మూడు పట్టీలు వేయించినచో బరువు మోయుశక్తి పెరుగునని మన డ్రైవర్లలో గట్టి నమ్మకము గలదు. ఒక పెద్దరైతు నన్నీ విషయమై గంటసేపు వాదమునకు దింపెను. ఆయన వాదమంతయు బండి వెనుక భాగము క్రుంగుట లేదు గనుక బరువు ఎక్కువ కాలేదనుటయే. పట్టీలు పెంచిన క్రుంగుట తగ్గునుగాని ఇరుసు లావెక్కదు, టైరు బలపడదు, బ్రేకు పెద్దది కాదు. క్రుంగుట మనకు హెచ్చరిక. పట్టీలు వేయించి ఆ హెచ్చరికను మాన్పించుచున్నాము. ఇంకొక చిక్కు గలదు. కొన్ని బండ్లలో వెనుక బ్రేకులకు ఎంత ఒత్తిడి పంపవలెనో నిర్ణయించు సాధనము ఇరుసునకు తగిలించియుండును. బండి వెనుక క్రుంగినకొలది అది సరుకున్నదని గ్రహించి వెనుక బ్రేకుల బలమును పెంచును. పట్టీలు పెంచి క్రుంగకుండ చేసినచో అది బండి ఖాళీగా నున్నదని భ్రమపడి వెనుక బ్రేకులకు బలము తగ్గించును. నిండు బరువుతో నున్న బండికి ఖాళీ బండి బ్రేకు మిగులును.

ఆపవలసిన శక్తి బరువును బట్టియు, వేగము యొక్క వర్గమును బట్టియు పెరుగును. 2,900 కిలోల బండి 40 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నప్పటి శక్తికి, 4,000 కిలోలకు పెంచిన అదే బండి 60 వేగముతో పోవునప్పటి శక్తి మూడు రెట్లకు పైగా నుండును. ఆ శక్తియంతయు బ్రేకులలో వేడిగా మారవలసినదే. మారేడుమిల్లి, అరకు, శ్రీశైలము ఘాటు దారులలో దిగునప్పుడు ఈ సంగతి బాగుగా తెలియును. కాలు తీయకుండ బ్రేకు నొక్కుచు దిగినచో డ్రమ్ములు కాగి పట్టు వదలును. మిక్కిలి కాగినచో బ్రేకు నూనె మరగి, పెడలు మెత్తబడి నేలనంటును. ఎక్కుటకు ఏ గేరు కావలసివచ్చునో దిగుటకును ఆ గేరే వేసి, యంత్రమే బండిని నిగ్రహించునట్లు చేయవలెను. నూనె మిగులునని గేరు తీసి దిగుట ఎట్టి పరిస్థితులలోను కూడదు. కాగిన డ్రమ్ముల మీద నీళ్లు చల్లరాదు, పగులును. ఆగి చల్లారనీయవలెను.

మనుష్యులు, బాడుగ

బస్తాలమీద కూలీలను ఎక్కించుట మన ప్రాంతములలో సర్వసాధారణమైపోయినది. మిరపకోతల కాలములో పొద్దు పొడువక మునుపే స్త్రీలు, వారి వెంట పిల్లలు తొట్టిలో నిలిచి పోవుచుందురు. సరుకు జారిన మోకు పట్టును. మనిషి జారిన ఏమి పట్టును? చట్టమును చూచినను ఇది గడ్డు సంగతియే. 1994 సవరణ ననుసరించి సరుకు యజమానికి, అతని ప్రతినిధికి బీమా రక్షణ గలదు. ఊరకనే ఎక్కిన ప్రయాణికులకు సరుకుబండి బీమా వర్తింపదని సర్వోన్నత న్యాయస్థానము 2002లో తీర్పు చెప్పినది. కూలీలను తీసికొనిపోవలసి వచ్చినపుడు ఆటో పిలుచుట వ్యయమైనను పిలువవలసినదే.

అధిక భారమునకు 2019 చట్ట సవరణతో 20,000 రూపాయల జరిమానాయు, మించిన ప్రతి టన్నునకు 2,000 రూపాయలును ఏర్పడినవి. మించిన సరుకును దింపించు ఖర్చు మనదే, దింపువరకు బండి కదలరాదు. సరుకు ప్రక్కలకుగాని ముందువెనుకలకుగాని పొడుచుకొని వచ్చినను 20,000 రూపాయలు. అధికారి అక్కడికక్కడ వసూలు చేయు రుసుము రాష్ట్రమును బట్టి మారుచుండును.

ఇన్ని తెలిసియు బరువేల మించుచున్నదనగా బాడుగ మాటలాడు పద్ధతియే కారణము. ట్రిప్పునకింత యని కుదిర్చినచో సరుకుగలవాడు బస్తాలు పెంచును. బస్తాకింత యన్నచో డ్రైవరే పెంచును. రెండు విధములను నష్టపోవునది బండి. కాబట్టి బాడుగతోపాటు ఒక ట్రిప్పునకు ఇన్ని కిలోలకు మించరాదని ముందే నిర్ణయించుకొని, మిగిలినదానికి రెండవ ట్రిప్పు రేటును అప్పుడే మాటలాడుకొనవలెను. ఒంటరి రైతు ఈ షరతు పెట్టిన డ్రైవరు వేరొకరి పనికి పోవును. సంఘము పక్షమున పెట్టినచో పోడు. పది బస్తాలు మిగిలిన రైతులిద్దరు ముగ్గురు కలిసి రెండవ ట్రిప్పును పంచుకొనినచో ఒక్కొక్కరికి పడు భాగము స్వల్పము.

ఇందుకు గోదాము గుమాస్తా వద్ద ఒక పుస్తకముండిన చాలును. సంఘము పనికి వచ్చు ప్రతి బండి నంబరు, పత్రములోని రెండు బరువులు, కాటా మీద చూచిన ఖాళీ తూకము, అందులో ముందు చక్రముల తూకము వేరుగా, నిర్ణయించిన కిలోలు అందులో వ్రాయవలెను. రబీ ధాన్యము కదలకముందే ఈ పని ముగించుకొనినచో సరుకు వేయునాడు కళ్లము వద్ద వాదమునకు తావుండదు.